గొంతు ఎవరిది? అరవైల పాప్ కవర్లలో గాయకుల్ని పోల్చుకునే పద్ధతి

అరవైల ఇంగ్లిష్ పాప్ పాట ఏది తీసుకున్నా దాని వెనక పదో పాతికో కవర్లు, అంటే ఒకరి పాటను ఇంకొకరు మళ్లీ పాడిన రికార్డులు, ఉండటం మామూలే. అమెరికాలో ఒక పాట హిట్టయితే అది సముద్రం దాటేలోపే లండన్‌లో ఇంకొకరు పాడేసేవారు. అదే ట్యూను ఫ్రెంచిలో, ఇటాలియన్‌లో, జర్మన్‌లో వచ్చేది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఆ పాటల్నే మళ్లీ మళ్లీ పాడారు, ఇప్పటికీ పాడుతున్నారు. అందుకే ట్యూను తెలిసినంత మాత్రాన గొంతు తెలిసినట్టు కాదు.

ఈ పోల్చుకునే ఆటలో చాలామంది గొంతు రంగు పట్టుకుని పేరు చెప్పేస్తారు. జీరగా ఉంటే జో కాకర్, మెత్తగా ఉంటే ఫలానా అని. గొంతు రంగును ఎవరైనా అనుకరించవచ్చు. ఊపిరి ఎక్కడ తీసుకుంటారు, మాట చివరి హల్లును ఎలా వదులుతారు, తాళానికి ముందు పడతారా వెనక పడతారా అన్నవి మాత్రం ఏళ్ల తరబడి ఒంటికి పట్టిన అలవాట్లు. వాటిని దాచడం చాలా కష్టం. ఈ పద్ధతి మొత్తం ఆ అలవాట్ల మీదే ఆధారపడి ఉంటుంది.

తెలుగు శ్రోతకు ఇది కొత్త విద్య ఏమీ కాదు. బాలసుబ్రహ్మణ్యం ఒక్కో నటుడికి ఒక్కోలా గొంతు మార్చి పాడినా ఆయనేనని మనకు తెలిసిపోతుంది. వి. రామకృష్ణ గొంతు ఘంటసాలకు ఎంత దగ్గరగా ఉన్నా రెండు పాటలు విన్నాక తేడా పట్టేస్తాం. ఆ చెవినే ఇంకో భాష పాటల మీద పెట్టాలి, అంతే.

మొదటి మెట్టు: చూడకుండా వినడం

పాట పేరు, గాయకుడి పేరు, ఆల్బమ్ బొమ్మ, ఏదీ కంటపడకూడదు. ఫోన్ బోర్లా పెట్టి ఇంకొకరిని వేయమనండి. ఒక్కరే ఉంటే కవర్లన్నీ ఒక ప్లేలిస్టులో వేసి షఫుల్ పెట్టండి. స్పీకర్ కంటే ఇయర్‌ఫోన్లు నయం, ఎందుకంటే ఊపిరి చప్పుళ్లు వాటిలోనే తెలుస్తాయి.

అరవైల తొలినాళ్ల స్టీరియో రికార్డింగుల్లో మనకు పనికొచ్చే సదుపాయం ఒకటుంది. అప్పట్లో చాలా స్టూడియోల్లో టేపు మీద విడివిడిగా రికార్డు చేయడానికి ఉన్నవి రెండే ట్రాకులు, అంటే రెండే వరసలు. బీటిల్స్ మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మీ' స్టీరియోలో వాద్యాలు ఎడమవైపు, గొంతులు కుడివైపు ఉంటాయి. అందులోని 'ట్విస్ట్ అండ్ షౌట్' పెట్టి ఎడమ ఇయర్‌ఫోన్ తీసేయండి. జాన్ లెనన్ గొంతు దాదాపు ఒంటరిగా వినిపిస్తుంది. ఆ పాట కూడా కవరే. 1961లో టాప్ నోట్స్, 1962లో ఐస్లీ బ్రదర్స్ పాడిందే. 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులో ఆల్బమ్ పాటలు చాలావరకు రికార్డు చేసి, ఆఖరున దీన్ని పెట్టుకున్నారు. లెనన్‌కు జలుబు, పైగా పొద్దుట్నుంచీ పాడుతూనే ఉన్నాడు. అక్కడ వినిపించే గరుకుదనం ఆ రోజుది. ఆ ఒక్క పాట విని 'లెనన్ గొంతు ఇలా ఉంటుంది' అని మనసులో ముద్ర వేసుకుంటే, అదే ఆల్బమ్‌లోని నెమ్మది పాటల్లో ఆయన్ను పోల్చుకోలేరు. గొంతు రంగును నమ్మవద్దనడానికి ఇదే మొదటి కారణం. అది పూటపూటకూ మారుతుంది.

రెండో మెట్టు: కాలం, గది

గాయకుడి జోలికి పోకముందు, ఇది ఎప్పుడు, ఎక్కడ రికార్డయిందో అంచనా వేయండి. సగం పేర్లు ఇక్కడే ఎగిరిపోతాయి.

కాలాన్ని డ్రమ్స్ చెప్పేస్తాయి. డ్రమ్ దెబ్బ వెనక పెద్ద హాల్లో కొట్టినట్టు మోత ఉండి, ఆ మోత కత్తిరించినట్టు ఠక్కున ఆగిపోతే ఎనభైల వాసన. అసలు డ్రమ్మరే లేకుండా యంత్రం, సింథసైజర్ వినిపిస్తే 1981లో సాఫ్ట్ సెల్ చేసిన 'టెయింటెడ్ లవ్' లాంటి కవర్ అయ్యుంటుంది. దాని ఒరిజినల్ 1965లో గ్లోరియా జోన్స్ పాడింది. తాళం జమైకా సంగీతమైన రెగే నడకలోకి తిరిగితే యూబీ40 అనే బ్రిటిష్ బ్యాండు లాంటివాళ్లను తలుచుకోవాలి.

ఇక గది. డెట్రాయిట్‌లో మోటౌన్ స్టూడియో పాటలైతే టాంబురీన్ గట్టిగా, బేస్ గిటార్ పాడుతున్నట్టుగా ఉంటుంది. మెంఫిస్‌లో స్టాక్స్ స్టూడియో వాళ్లవైతే తీగవాద్యాల మేళం తక్కువ, ట్రంపెట్, శాక్సఫోన్ విసుర్లు ఎక్కువ. లాస్ ఏంజెలెస్ గోల్డ్ స్టార్ స్టూడియోలో నిర్మాత ఫిల్ స్పెక్టర్ చేయించిన పాటల్లో వాద్యాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి పెద్ద గోడలా వస్తాయి. 1965లో ఓటిస్ రెడింగ్ పాడిన 'సాటిస్‌ఫ్యాక్షన్' వినండి. రోలింగ్ స్టోన్స్ పాటలో కీత్ రిచర్డ్స్ గిటార్ మీద వాయించిన ఎత్తుగడ ఇక్కడ బాకాల మీద వస్తుంది. గొంతు రాకముందే అది మెంఫిస్ అని తెలిసిపోతుంది.

లయ మారిందా అన్నదీ చూడాలి. 1967లో బీటిల్స్‌కు రింగో స్టార్ పాడిన 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' తేలికైన చతురశ్ర నడక. 1968లో షెఫీల్డ్ కుర్రాడు జో కాకర్ దాన్ని నెమ్మదైన తిశ్రంలోకి తెచ్చి, చర్చి పాటంత బరువు ఎక్కించాడు. గిటార్ జిమ్మీ పేజ్. తర్వాత ఈ పాటను తిశ్రంలో పాడేవాళ్లు కాకర్ దారిన నడుస్తున్నవాళ్లే.

మూడో మెట్టు: ఇది దేనికి కవర్?

గాయకుడు ఏ వెర్షన్ విని నేర్చుకున్నాడో తెలిస్తే, అతను ఏ తరం, ఏ ఊరు అన్నది కొంత తేలుతుంది. మనం ఒరిజినల్ అనుకునేది చాలాసార్లు ఒరిజినల్ కాదు కూడా. డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ 1966లో పాడిన 'యు డోంట్ హావ్ టు సే యు లవ్ మి' ఇటలీలో పీనో దొనాజ్జో 1965లో పాడిన పాట. ఎల్విస్ ప్రెస్లీ 1970లో పాడాడు. డస్టీ వెర్షన్ తర్వాత వచ్చిన ఇంగ్లిష్ గాయకులు చాలామంది ఇటాలియన్ పాట జోలికి పోకుండా డస్టీనే విన్నారు.

'రెడ్ రెడ్ వైన్' నీల్ డైమండ్ పాట. 1969లో టోనీ ట్రైబ్ దాన్ని రెగేలో పాడాడు. 1983లో యూబీ40 పాడింది ఆ రెగే పాట విని. దాన్ని రాసింది నీల్ డైమండ్ అని తమకు తెలియదని బ్యాండువాళ్లే చెప్పారు. ఇలా కవర్‌కు కవర్ ఉంటుంది. కాబట్టి ఒరిజినల్‌లో లేని సంగతి ఏదైనా వినిపిస్తే, అది ఈ గాయకుడిదా, మధ్యలో ఇంకెవరిదైనానా అని అడగాలి. 'రెస్పెక్ట్' అన్న మాటను ఒక్కో అక్షరంగా విడదీసి పలకడం ఓటిస్ రెడింగ్ 1965 పాటలో లేదు, 1967లో అరీతా ఫ్రాంక్లిన్ చేర్చింది. అక్షరాలు విడదీసి పాడుతున్నారంటే వాళ్లు అరీతా వంశం.

నాలుగో మెట్టు: ఊపిరి, హల్లు, తాళం

అసలు పని ఇక్కడే. దీనికి ఒకే పాట మూడు గొంతుల్లో వినడం కంటే మంచి సాధన లేదు. నేను అందరికీ చెప్పేది 'ఎనీవన్ హూ హ్యాడ్ ఎ హార్ట్'. బర్ట్ బకరాక్ బాణీ, హాల్ డేవిడ్ మాటలు. 1963 చివర్లో డియాన్ వార్విక్ పాడింది. 1964లో లివర్‌పూల్ అమ్మాయి సిలా బ్లాక్ పాడగా బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది, నిర్మాత జార్జ్ మార్టిన్. అదే ఏడాది డస్టీ స్ప్రింగ్‌ఫీల్డ్ తన మొదటి ఆల్బమ్‌లో పాడింది. ముగ్గురూ ఆడవాళ్లే, దాదాపు ఒకే కాలం, ముగ్గురికీ వెనక వాద్యబృందం. రంగు చూసి చెప్పడం కష్టమైన చోటు.

ఈ పాట తాళం మామూలుది కాదు. నాలుగు మాత్రల నడక మధ్యలో ఐదుకు జారుతుంది, ఒకచోట ఏడుకు వెళుతుంది. కాబట్టి గాయని ఆ మలుపుల దగ్గర ఏం చేస్తుందో వినండి.

డియాన్ వార్విక్ ఆ మలుపుల్ని మలుపులుగానే తెలియనివ్వదు. మాట్లాడుతున్నంత సహజంగా, మాత్రలు లెక్కపెట్టుకుంటున్న జాడే లేకుండా దాటేస్తుంది. చిన్నప్పట్నుంచీ చర్చిలో గాస్పెల్ పాడిన గొంతు. పైస్థాయికి పోయినా అరవదు, స్వరాన్ని మొన తేలేలా సన్నం చేస్తుంది. ఊపిరి చప్పుడు దాదాపు వినపడదు.

సిలా బ్లాక్‌ది రెండంతస్తుల పాట. మొదట్లో గుసగుసగా, చెవి దగ్గర చెబుతున్నట్టు ఉంటుంది. పాట పేరు వచ్చే పంక్తి దగ్గరికి చేరాక ఒక్కసారిగా గొంతు తెరిచేస్తుంది. ఆ తెరిచే ముందు తీసుకునే ఊపిరిని వినండి. ముక్కులోంచి వచ్చే గట్టి అంచు అప్పుడు బయటపడుతుంది. మధ్యలో మెట్లు లేవు, కింద లేకపోతే పైన. ఈ పోకడ ఆమె ఇతర పాటల్లోనూ ఉంటుంది, కాబట్టి ఒకసారి పట్టుకుంటే ఆమె ఏ పాటైనా పట్టుకోగలరు.

డస్టీ గొంతులో గాలి కలిసి ఉంటుంది. మాట మొదలయ్యే ముందు ఆ గాలి కాస్త వినిపిస్తుంది. తాళం పడ్డాక, వెంట్రుకవాసి ఆలస్యంగా మాట వేస్తుంది. పంక్తి చివరి అచ్చును నిలబెట్టకుండా ఆవిరిలా వదిలేస్తుంది. నాకు ముగ్గురిలో డస్టీ అంటేనే ప్రాణం, అయినా ఈ పాటకు మాత్రం వార్విక్ చేసిన న్యాయం ఇంకెవరూ చేయలేదని నమ్ముతాను.

ఈ మూడింటినీ వరసగా రెండుమూడు రోజులు వినండి. ఒకరోజు ఊపిరి మాత్రమే, ఇంకోరోజు పంక్తి చివరలు మాత్రమే, మరోరోజు తాళం మాత్రమే. అన్నీ ఒకేసారి వినబోతే ఏదీ చెవిలో నిలవదు. కాగితం మీద మూడు గళ్లు గీసి రాసుకుంటే మరీ మంచిది.

అప్పటి రికార్డుల్లో ఒక అడ్డంకి ఉంది. ఒకే గాయకుడు ఒకే పాటను రెండుసార్లు పాడి, ఒకదాని మీద ఒకటి వేసేవారు. దాంతో గొంతు చిక్కబడుతుంది, ఊపిరి కప్పబడిపోతుంది. స, ట లాంటి హల్లులు రెండుసార్లు పడినట్టు చెదిరి వినిపిస్తే అదేనని గుర్తు. 1966లో లండన్ అబ్బే రోడ్ స్టూడియో ఇంజినీర్ కెన్ టౌన్‌సెండ్ ఒక్కసారి పాడినదాన్నే యంత్రంతో జంట చేసే పద్ధతి కనిపెట్టాడు. అలాంటి చోట హల్లులు అంతగా చెదరవు. ఇవి ఎదురైతే ఊపిరి వదిలేసి తాళం మీద దృష్టి పెట్టండి.

పాట ఏ శ్రుతిలో ఉందన్నదీ గమనించాలి. 'ఐ హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్'ను గ్లాడిస్ నైట్ పాడింది 1967లో విడుదలైంది. మార్విన్ గే పాడింది 1968లో వచ్చింది. నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ కావాలనే గేకు హాయిగా అందే శ్రుతి కంటే పైన పెట్టి పాడించాడు. ఆ పెనుగులాట పాటకు ప్రాణమైంది. కానీ గే నెమ్మది పాటలు మాత్రమే తెలిసినవాళ్లు ఇక్కడ తడబడతారు.

ఐదో మెట్టు: యాస

యాస ఎక్కువ చెబుతుంది, ఎక్కువ తప్పుదోవా పట్టిస్తుంది. అదే 'గ్రేప్‌వైన్'ను క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే అమెరికన్ బ్యాండు 1970లో పదకొండు నిమిషాల పాటగా సాగదీసింది. పాడింది జాన్ ఫోగర్టీ. 'హర్డ్' అన్న మాట అతని నోట 'హోయిడ్' అవుతుంది. అతనే రాసిన 'ప్రౌడ్ మేరీ'లో 'టర్నింగ్', 'బర్నింగ్' కాస్తా 'టోయినిన్', 'బోయినిన్' అవుతాయి. విన్నవాళ్లు లూసియానా చిత్తడి నేలల మనిషి అనుకుంటారు. అతను కాలిఫోర్నియాలో ఎల్ సెరిటో కుర్రాడు. కాబట్టి యాసను బట్టి ఊరు చెప్పకండి, మనిషిని చెప్పండి. ఆ 'హోయిడ్' ఫోగర్టీ సంతకం. 1971లో ఐక్, టీనా టర్నర్‌ల 'ప్రౌడ్ మేరీ' వింటే అదే మాటను టీనా తన పద్ధతిలో ఎలా విరిచిందో తెలుస్తుంది.

బ్రిటిష్ గాయకులు చాలామంది పాడేటప్పుడు అమెరికన్ అయిపోతారు. మిక్ జాగర్ మాటల్లో లండన్ శివారు, పాటలో అమెరికా దక్షిణాది. తన యాసను దాచకుండా పాడినవాళ్లు తక్కువ కాబట్టి వాళ్లు త్వరగా దొరుకుతారు. హర్మన్స్ హెర్మిట్స్ గాయకుడు పీటర్ నూన్ అలాంటివాడు.

ఆరో మెట్టు: లేబుల్ మీది పేరును నమ్మకపోవడం

ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన మూల ఇదే, ఎందుకంటే ఇక్కడ పనిచేసిన గాయకులకు రావలసిన పేరు రాలేదు.

బ్రిటన్‌లో 1954 నుంచి 1965 దాకా ఎంబసీ అనే లేబుల్ ఉండేది. వుల్‌వర్త్స్ దుకాణాల్లో మాత్రమే అమ్మేవారు. ఒక్కో రికార్డు మీద అప్పటి హిట్లు రెండు, అటొకటి ఇటొకటి, తక్కువ ధరకు. పాడేది ఒరిజినల్ వాళ్లు కాదు, స్టూడియో గాయకులు. రే పిల్‌గ్రిమ్ అనే గాయకుడు అక్కడ తన పేరుతోనే కాక బాబీ స్టీవెన్స్ అన్న పేరుతోనూ, టైఫూన్స్ అన్న బృందం పేరుతోనూ పాడాడు. మూడు పేర్లున్నా గొంతు ఒక్కటే. 1968లో హాల్‌మార్క్ లేబుల్ 'టాప్ ఆఫ్ ద పాప్స్' ఆల్బమ్‌లు మొదలుపెట్టింది. అట్ట మీద మోడల్ ఫొటో ఉండేది, పాడినవాళ్ల పేర్లు ఉండేవి కావు. తర్వాత పెద్ద పేరు తెచ్చుకున్న టీనా చార్ల్స్ అక్కడ పాడినావిడే.

ఇలాంటి చవక రికార్డుల్లో 1969, 1970 ప్రాంతాల్లో రెజ్ డ్వైట్ అనే కుర్రాడు పాడాడు. అప్పటికే ఎల్టన్ జాన్ అని పేరు మార్చుకున్నాడు, ఇంకా ప్రపంచానికి తెలియదు. ఒక పాటలో స్టీవీ వండర్‌లా, ఇంకోదానిలో ఫోగర్టీలా పాడమన్నారు, పాడాడు. క్రీడెన్స్ పాట 'అప్ అరౌండ్ ద బెండ్'ను అతను పాడింది, ఫోగర్టీ పాడింది పక్కపక్కన పెట్టి వినండి. జీర తెచ్చిపెట్టుకున్నాడు. కానీ దీర్ఘాల దగ్గర, పంక్తి చివర్ల దగ్గర మనకు తర్వాత తెలిసిన ఎల్టన్ తొంగిచూస్తాడు. ఈ పాటలు తర్వాత సంకలనాలుగా వచ్చాయి కాబట్టి సాధనకు దొరుకుతాయి.

చవక రికార్డులే కాదు, అసలు హిట్ల మీదా తప్పుపేర్లున్నాయి. 1962లో క్రిస్టల్స్ అనే బృందం పేరుతో నంబర్ వన్ అయిన 'హీజ్ ఎ రెబెల్' పాడింది డార్లీన్ లవ్. క్రిస్టల్స్ న్యూయార్క్‌లో ఉండగా స్పెక్టర్ లాస్ ఏంజెలెస్‌లో ఆవిడ చేత పాడించి, వాళ్ల పేరు వేశాడు. 1970లో ఎడిసన్ లైట్‌హౌస్, వైట్ ప్లెయిన్స్, బ్రదర్‌హుడ్ ఆఫ్ మ్యాన్ హిట్లలో వినిపించే గొంతు టోనీ బరోస్‌దే. కాబట్టి 'ఇది క్రిస్టల్స్' అన్న జవాబు సగమే. గొంతు ఎవరిదో చెప్పినప్పుడే పూర్తి మార్కులు.

ఏడో మెట్టు: రెండు ఉచ్చులు

ఒకటి, సొంత పాటను మళ్లీ పాడటం. అరవైల తారలు చాలామంది డెబ్బైల్లో, ఎనభైల్లో తక్కువ ధర సంకలనాల కోసం తమ హిట్లనే తిరిగి రికార్డు చేశారు. మనిషి వాళ్లే, పాట అదే, రికార్డు వేరు. గొంతు కాస్త బరువెక్కి, శ్రుతి దిగి, డ్రమ్స్ మరీ శుభ్రంగా ఉంటే అనుమానించండి.

రెండోది కొత్తది, ఏఐ కవర్లు. పోయిన గాయకులు ఎన్నడూ పాడని పాటలు పాడుతున్నట్టు వస్తున్నాయి. వీటిలో చాలావాటికి ఎవరో ఒక మనిషి మామూలుగా పాడతాడు. ఆ పాటకు గొంతు రంగు మాత్రం మారుస్తారు. ఊపిరి, తాళం, హల్లులు వదిలే తీరు ఆ తెర వెనక మనిషివే మిగిలిపోతాయి. అందుకే నాలుగో మెట్టు సాధన చేసినవాళ్లు వీటికి త్వరగా పడిపోరు. ఎల్విస్ రంగు ఉంది, ఎల్విస్ ఊపిరి లేదు అని చెప్పగలుగుతారు.

ఎనిమిదో మెట్టు: జవాబు సరిచూసుకోవడం

ముందు మీ ఊహ కాగితం మీద రాయండి, కారణంతో సహా. తర్వాతే చూడండి. పాట వినిపిస్తే పేరు చెప్పే యాప్ షజామ్ గుర్తుపట్టేది రికార్డును, గొంతును కాదు. దానికి ఎవరో ఎక్కించిన తప్పుపేరే మీకు చెప్పవచ్చు. ఏ పాటను ఎవరెవరు ఏ ఏడాది పాడారో సెకండ్‌హ్యాండ్‌సాంగ్స్ వెబ్‌సైటులో ఉంటుంది. రికార్డు వివరాలకు డిస్కాగ్స్ సైటు, చిన్న సింగిల్ రికార్డులకు 45క్యాట్ సైటు. చేతిలో రికార్డే ఉంటే లేబుల్ పక్కన గీతలు అయిపోయే చోట చెక్కిన మ్యాట్రిక్స్ నంబర్ చూడండి, అట్ట మారినా అది మారదు. మన దేశంలో దొరికే పాత బీటిల్స్ రికార్డులు చాలావరకు కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ అచ్చువేసినవి. అట్టలు, లేబుల్ రాతలు బ్రిటన్‌వాటితో అన్నిసార్లూ కలవవు, కాబట్టి నంబర్‌తోనే పోల్చాలి.

నలుగురితో ఆడేటప్పుడు

అంత్యాక్షరికి అలవాటుపడ్డ ఇళ్లలో ఇది ఇట్టే కుదురుతుంది. పాటలోంచి ఇరవై సెకన్ల ముక్క వేయండి, పల్లవి వద్దు. దశాబ్దం చెప్పినవారికి ఒక మార్కు, ఏ దేశమో చెబితే ఇంకొకటి, గాయకుడికి మూడు. పేరు తప్పైనా సరైన కారణం చెబితే ఒక మార్కు ఇవ్వండి. ఈ నియమం లేకపోతే అందరూ పేర్లు విసురుతారు తప్ప వినరు.

మొదటి విడతకు ఈ జతలు చాలు. 'హే జూడ్', బీటిల్స్‌ది ఒకటి, 1968లోనే విల్సన్ పికెట్ అలబామాలో డ్యువాన్ ఆల్‌మన్ గిటార్‌తో పాడింది ఒకటి. 'ఆల్ అలాంగ్ ద వాచ్‌టవర్', బాబ్ డిలన్, జిమీ హెండ్రిక్స్. 'యు కాంట్ హర్రీ లవ్', సుప్రీమ్స్ 1966, ఫిల్ కాలిన్స్ 1982. రెండో విడతకు మన దగ్గర్నుంచే మద్రాసు నైట్‌క్లబ్‌లో మొదలైన ఉషా ఉతుప్‌ను కలపండి. 1968లో ఆమె రికార్డు చేసిన తొలి పాటల్లో 'జంబలాయా' కవర్ ఉంది. యాభైల పాటే అయినా, నిండైన ఆ కింది స్థాయి గొంతును మొదటిసారి విన్నవాళ్లు ఆడా మగా అన్న దగ్గరే ఆగిపోతారు. పంక్తి చివరి హల్లుల్ని ఆమె ఎంత గట్టిగా మూస్తుందో అడగండి, అక్కడ్నుంచి దారి దొరుకుతుంది.